ప్రింట్ చేసిన ఉష్ణోగ్రత సెన్సర్: గీత గీయడం నుంచి పరీక్షించి నమ్మడం దాకా

ప్లాస్టిక్ షీట్ మీద వెండి ఇంక్‌తో మెలికల గీత ఒకటి ప్రింట్ చేసి, రెండు చివరలా మల్టీమీటర్ పెట్టి, వేలితో నొక్కి పట్టుకోండి. గీత రెసిస్టెన్స్ (కరెంట్‌కు అది చూపే అడ్డు) చెప్పే అంకె మెల్లగా పైకి పోతుంది. వేలు తీస్తే దిగుతుంది. చూడగానే సెన్సర్ తయారైపోయిందనిపిస్తుంది. అదే షీట్‌ని కొంచెం వంచినా అంకె మారుతుంది. చెమ్మ తగిలితే మారవచ్చు. ఒక్కసారి గట్టిగా వేడి చేసి చల్లారిస్తే పాత అంకెకు తిరిగి రాకపోవచ్చు. ఆ అంకె వేడికి మాత్రమే మారేలా చేయాలి, అలాగే మారుతోందని కొలిచి తేల్చుకోవాలి. ఈ మార్గదర్శిలో ఇంక్ ఎంపిక దగ్గర్నుంచి క్యాలిబ్రేషన్ (నమ్మకమైన థర్మామీటర్‌తో పోల్చి అంకెల్ని సరిచూడడం) దాకా ప్రతి మెట్టూ ఆ ఒక్క పని కోసమే. ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

1. ఇంక్ ఎంచుకోవడం

ప్రింట్ చేయగలిగే పదార్థాలు చాలా ఉన్నాయి. పని చేసే తీరును బట్టి చూస్తే అవి రెండు రకాలు. ఒకటి, వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగేవి. లోహాలన్నీ ఈ కోవలోకే వస్తాయి. రెండోది, వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గేవి. థర్మిస్టర్లలో (వేడికి రెసిస్టెన్స్ బాగా మారే భాగాల్లో) వాడే లోహ ఆక్సైడ్లు ఇలాంటివి. ఈ రెండో గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే వెండి సల్ఫైడ్‌లో గమనించాడు. లోహం వెండి ఒక దారిన పోతే, అదే వెండి గంధకంతో కలిశాక ఎదురు దారి పట్టడం ఇప్పటికీ నాకు అబ్బురంగానే ఉంటుంది.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఒక్కటే: వెండి ఇంక్‌తో మొదలుపెట్టండి. దాని స్పందన దాదాపు సరళరేఖలా ఉంటుంది. లెక్క సులువు, తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం కూడా సులువు. శుద్ధమైన వెండికి రెసిస్టెన్స్ డిగ్రీకి దాదాపు 0.38 శాతం పెరుగుతుంది. ప్రింట్ చేసిన వెండిలో అంత రాదు. సాధారణంగా 0.2 నుంచి 0.3 శాతం మధ్య ఉంటుంది. ఇంక్ ఆరాక మిగిలేది ముద్ద వెండి కాదు కదా. సన్నని వెండి పలుకులు, వాటి మధ్య వాటిని పట్టి ఉంచే కొంత రెసిన్, కొన్ని ఖాళీలు. పలుకుకీ పలుకుకీ మధ్య ఉండే అతుకుల రెసిస్టెన్స్ వేడికి పెద్దగా మారదు. మొత్తంలో దాని వాటా ఎంత ఎక్కువైతే సెన్సర్ స్పందన అంత తగ్గుతుంది. అందుకే పుస్తకంలో వెండికి ఇచ్చిన అంకెను మీ సెన్సర్‌కు వాడకూడదు. మీ ప్రింట్‌కు మీరే కొలుచుకోవాలి.

కార్బన్ ఇంక్ చవక, రెసిస్టెన్స్ కూడా ఎక్కువ. కానీ అందులో స్పందన కార్బన్ కంటే దాన్ని పట్టి ఉంచే రెసిన్ వ్యాకోచం మీద ఎక్కువ ఆధారపడుతుంది. రెసిన్ చెమ్మను పీల్చి ఉబ్బినా అంకె మారుతుంది. పెడాట్-పీఎస్ఎస్ లాంటి వాహక పాలిమర్లకు (కరెంట్‌ను పారనిచ్చే ప్లాస్టిక్‌లకు) నీటి ఆవిరి మీద మక్కువ మరీ ఎక్కువ. సరిగా సీల్ చేయకపోతే అవి ఉష్ణోగ్రత సెన్సర్లుగా కంటే తేమ సెన్సర్లుగానే బాగా పనిచేస్తాయి. థర్మిస్టర్ ఇంక్‌లు డిగ్రీకి 3, 4 శాతం దాకా మారతాయి కాబట్టి కొలవడం తేలిక. కాకపోతే వాటి వక్రరేఖకు ఘాతీయ సూత్రం కావాలి. వాటి జోలికి రెండో విడతలో వెళ్లండి.

2. షీట్ ఎంపిక

పీఈటీ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), పాలీఇమైడ్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్), కాగితం, ఈ మూడే ఎక్కువగా వాడతారు. కాగితం చెమ్మకు సాగి ముడుచుకుంటుంది కాబట్టి చదువుకోవడానికి, చూపించడానికి మాత్రమే పనికొస్తుంది. పాలీఇమైడ్ తేనె రంగులో ఉంటుంది, 200 డిగ్రీలు దాటినా చెక్కుచెదరదు, ధర మాత్రం ఎక్కువ. 0 నుంచి 60 డిగ్రీల మధ్య కొలవడానికి 125 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పీఈటీ చాలు. కొనేటప్పుడు హీట్ స్టెబిలైజ్డ్ (వేడికి కుంచించుకోకుండా ముందే స్థిరపరచిన) రకం అడిగి తీసుకోండి. మామూలు పీఈటీని 150 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే ఒక శాతం దాకా కుంచించుకుపోవచ్చు. మీద ప్రింట్ చేసిన గీత కూడా దానితో పాటు నలిగిపోతుంది.

స్టెబిలైజ్డ్ షీట్‌నైనా ప్రింట్ చేసే ముందు 130, 140 డిగ్రీల దగ్గర అరగంట ఓవెన్‌లో ఖాళీగా కాల్చండి. కుంచించుకునేది ఏదైనా ఉంటే ప్రింట్‌కు ముందే అయిపోతుంది. చల్లారాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో తుడవండి. ఆ తర్వాత అంచులు తప్ప వేరే చోట పట్టుకోకూడదు. వేలి జిడ్డు పడిన చోట ఇంక్ పట్టదు, లేదా పట్టినట్టే పట్టి తర్వాత ఊడుతుంది.

3. డిజైన్: చదరాల లెక్క

పలుచని పొర రెసిస్టెన్స్‌ని చదరానికి ఇన్ని ఓమ్‌లు అని చెబుతారు. చదరం చిన్నదైనా పెద్దదైనా విలువ ఒకటే. గీత పొడవును వెడల్పుతో భాగిస్తే చదరాల సంఖ్య వస్తుంది. దాన్ని చదరపు రెసిస్టెన్స్‌తో గుణిస్తే గీత మొత్తం రెసిస్టెన్స్ తెలుస్తుంది.

డేటాషీట్‌లో (ఇంక్‌తో వచ్చే వివరాల పత్రంలో) 25 మైక్రాన్ల మందానికి చదరానికి 15 మిల్లీ ఓమ్‌లు అని ఉందనుకుందాం. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఆరిన పొర 8 మైక్రాన్ల దగ్గర ఉంటే, అది సుమారు 47 మిల్లీ ఓమ్‌లు అవుతుంది. లెక్క సులువుగా ఉండేందుకు 50 అనుకోండి. 100 ఓమ్‌ల సెన్సర్ కావాలంటే 2000 చదరాలు కావాలి. గీత వెడల్పు 0.3 మి.మీ. పెడితే పొడవు 600 మి.మీ. అంత పొడవు గీతను 20 మి.మీ. చొప్పున 30 వరుసలుగా మడతపెట్టి, వరుసల మధ్య 0.3 మి.మీ. ఖాళీ వదిలితే మొత్తం 20 మి.మీ. పొడవు, 18 మి.మీ. వెడల్పులో ఇమిడిపోతుంది.

మూలల్ని గుండ్రంగా తిప్పండి. ప్రతి చివరా ఒకటి కాకుండా రెండేసి ప్యాడ్లు పెట్టండి. ఒక జత కరెంట్ పంపడానికి, మరో జత వోల్టేజ్ చదవడానికి. ఈ నాలుగు ప్యాడ్ల సంగతి ఇప్పుడు అనవసరమనిపించవచ్చు. ప్రింట్ అయిపోయాక కావాలంటే మాత్రం వాటిని పెట్టే దారి ఉండదు.

సెన్సర్ ఎక్కడ అతుక్కోబోతోందో డిజైన్ దశలోనే ఆలోచించండి. వంపు తిరిగిన గొట్టానికి చుడితే షీట్ పై పొర సాగుతుంది. సాగుదల ఎంతో తెలియాలంటే షీట్ మందాన్ని వంపు వ్యాసంతో భాగించాలి. 125 మైక్రాన్ల షీట్‌ని 50 మి.మీ. వ్యాసార్ధంతో వంచితే 0.125 శాతం సాగుతుంది. లోహపు గీత రెసిస్టెన్స్ దానికి దాదాపు రెట్టింపు, అంటే 0.25 శాతం పెరుగుతుంది. డిగ్రీకి 0.22 శాతం మారే సెన్సర్‌కు అది ఒక డిగ్రీ పైచిలుకు తప్పు, అదీ వేడి ఏమాత్రం మారకుండానే. పలుకుల ఇంక్‌లో ఇంకా ఎక్కువ కూడా రావచ్చు. దీనికి రెండు విరుగుళ్లు ఉన్నాయి. పొడవాటి వరుసలు గొట్టం పొడవు వెంట వచ్చేలా పెడితే సాగుదల గీత పొడవు మీద పడదు. రెండోది ఇంకా మేలు: ప్రింట్ మీద అంతే మందం ఉన్న మరో షీట్ అతికిస్తే వెండి సరిగ్గా మధ్యలో పడుతుంది. వంచినప్పుడు పై షీట్ సాగి, కింది షీట్ నొక్కుకుపోతుంది, మధ్యలో ఉన్న వెండికి దాదాపు ఏమీ కాదు.

సెన్సర్ పక్కనే 1 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవున్న ఒక సాదా గీతను కూడా డిజైన్‌లో చేర్చండి. అది సరిగ్గా 100 చదరాలు. ప్రింట్ అయ్యాక దాని రెసిస్టెన్స్‌ని నాలుగు వైర్ల పద్ధతిలో కొలిచి 100తో భాగిస్తే అసలు చదరపు రెసిస్టెన్స్ తెలిసిపోతుంది. సెన్సర్ అంకె అనుకున్నదానికి దూరంగా వస్తే, తప్పు ఇంక్‌దా, గీత వెడల్పుదా అన్నది ఈ గీతే చెబుతుంది.

4. ప్రింట్ చేయడం

స్క్రీన్ ప్రింటింగ్ తెలిసినవాళ్లకు ఇందులో కొత్త ఏమీ లేదు, జాగ్రత్తే ఎక్కువ. 0.3 మి.మీ. గీతకు సెంటీమీటరుకు 77 నుంచి 90 దారాలున్న పాలిస్టర్ మెష్ (ఇంక్ దిగే జల్లెడ గుడ్డ) సరిపోతుంది. మెష్‌ని ఫ్రేమ్‌కు కాస్త ఏటవాలుగా బిగిస్తే గీతల అంచులు రంపపు పళ్లలా రావు.

ఇంక్ డబ్బాను ఫ్రిజ్‌లో ఉంచితే, బయటకు తీసి గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. తీస్తే గాలిలోని చెమ్మ లోపల ఇంక్ మీద పేరుకుంటుంది. వెండి బరువైనది కాబట్టి డబ్బా అడుగుకు చేరిపోతుంది. పైన తేలేది పలుచగా, జిడ్డుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. గరిటె అడుగుకు దించితే అక్కడ మాత్రం బరువుగా, గట్టిగా తగులుతుంది. ఆ తేడా పోయి, గరిటె ఎత్తితే ఒకే బూడిద రంగు ధార తెగకుండా జారేదాకా నెమ్మదిగా కలపండి. వేగంగా కలిపితే బుడగలు వస్తాయి. బుడగ పడిన చోట గీతలో సూదిమొన రంధ్రం మిగులుతుంది.

స్క్రీన్‌కీ షీట్‌కీ మధ్య 1 నుంచి 3 మి.మీ. ఎడం ఉంచి, స్క్వీజీని (ఇంక్‌ను మెష్ గుండా నెట్టే రబ్బరు పట్టీని) పొడవాటి వరుసల దిశలోనే లాగండి. అడ్డంగా లాగితే ఇంక్ ఖాళీల్లోకి పాకి వరుసలు కలిసిపోతాయి. తొలి రెండు మూడు ప్రింట్లు మెష్ ఇంక్‌తో తడవడానికే పోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. ప్రింట్ అయ్యాక ఐదు నిమిషాలు సమతలం మీద కదపకుండా ఉంచితే మెష్ గుర్తులు సర్దుకుంటాయి. ఇంక్‌లోని ద్రావకాల వాసన తలనొప్పి తెస్తుంది కాబట్టి గాలి ఆడే చోట, గ్లౌజులు వేసుకుని పని చేయండి. వెండి ఇంక్ తుడిచిన గుడ్డల్ని, కడిగిన ద్రావకాన్ని కాలువలో పోయకూడదు. వెండి అయాన్లు నీటి జీవులకు విషం.

ఇంక్‌జెట్‌తో కూడా చేయవచ్చు, దానికి నానో వెండి ఇంక్ కావాలి. పొర బాగా పలుచగా ఉంటుంది కాబట్టి తక్కువ చోటులోనే ఎక్కువ రెసిస్టెన్స్ వస్తుంది. చుక్కలు ఆరేటప్పుడు వెండి అంచులకు చేరి మధ్యలో పలుచబడడం, నాజిల్ మూసుకుపోవడం దానితో వచ్చే తలనొప్పులు.

5. క్యూరింగ్

క్యూరింగ్ అంటే ప్రింట్ చేసిన ఇంక్‌ను వేడితో గట్టిపరచడం. చాలా వెండి ఇంక్‌లకు 120, 130 డిగ్రీల దగ్గర 10 నుంచి 30 నిమిషాలు అని డేటాషీట్‌లో ఉంటుంది. అది మామూలు సర్క్యూట్ గీతలకు సరిపోయే లెక్క. సెన్సర్‌కు అంతటితో ఆగకూడదు. ఓవెన్‌లో 10 నిమిషాలకోసారి తీసి, గది వేడికి చల్లార్చి, పరీక్ష గీత రెసిస్టెన్స్ రాసుకోండి. మొదట గబగబా పడిపోతుంది, తర్వాత మెల్లగా. వరుసగా రెండుసార్లు కొలిచినా ఒకే అంకె వచ్చేదాకా కాల్చండి. సగం క్యూర్ అయిన సెన్సర్ వాడకంలో వేడెక్కిన ప్రతిసారీ ఇంకొంచెం క్యూర్ అవుతూ పోతుంది. అప్పుడు దాని అంకె ఎప్పుడూ కిందికే జారుతుంటుంది, మీరు చేసిన క్యాలిబ్రేషన్ చెల్లదు.

క్యూర్ చేసే ఉష్ణోగ్రత సెన్సర్ పనిచేయబోయే గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే కనీసం 40, 50 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది నా నియమం. ఈ ఓవెన్‌లో తిండి పదార్థాలు వండకూడదు.

చల్లారాక పారదర్శక టేప్ అంటించి చటుక్కున లాగండి. టేప్‌కు వెండి అంటితే షీట్ శుభ్రత దగ్గరో, క్యూరింగ్ దగ్గరో లోపం ఉన్నట్టే. తర్వాత భూతద్దంతో వరుసలన్నీ చూడండి. ఒక చోట గీత సన్నబడితే అక్కడ కరెంట్ ఒత్తిడి పెరుగుతుంది, వంచినప్పుడు మొట్టమొదట తెగేదీ అక్కడే.

6. వైర్లు, పై పొర

వెండి ఇంక్ మీద సోల్డర్ చేయబోవద్దు. కరిగిన తగరం వెండిని తనలోకి లాగేసుకుంటుంది, ఆ వేడికి పీఈటీ ఎలాగూ ఆగదు. వెండి కలిసిన వాహక ఎపాక్సీతో సన్నని రాగి తీగలు అతికించడం, లేదా షీట్‌కు వేసే క్రింప్ కనెక్టర్లు వాడడం మంచిది. అతుకు మీద లాగుడు పడకుండా తీగను షీట్‌కు ఇంకోచోట కూడా అంటించండి.

పై పొర కోసం ఐడీ కార్డుల ల్యామినేషన్ మెషీన్ చక్కగా పనికొస్తుంది. కింది షీట్ మందానికి దగ్గరగా ఉన్న ఫిల్మ్ ఎంచుకుంటే వంపు విరుగుడు కూడా దానితోనే అయిపోతుంది. చెమ్మ ఎక్కువున్న చోట అంచుల్లో కనీసం 5 మి.మీ. వెడల్పు ఖాళీ సీల్ వదలండి. నీళ్లు ముందుగా దూరేది అంచుల్లోంచే. గంధకం ఉన్న గాలికి వెండి నల్లబడుతుంది కాబట్టి పక్కన వల్కనైజ్ చేసిన (గంధకం కలిపి గట్టిపరచిన) రబ్బర్ లేకుండా చూసుకోండి. చెమ్మలో అదేపనిగా ఒకే దిశ వోల్టేజ్ పెట్టి ఉంచితే వెండి ఒక గీత నుంచి పక్క గీతకు వేర్లలా పాకి షార్ట్ చేస్తుంది. కొలిచేటప్పుడు మాత్రమే కరెంట్ ఇచ్చి మిగతా సమయం ఆపేస్తే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

ల్యామినేషన్ అయ్యాకే పరీక్షలు. ముందు క్యాలిబ్రేట్ చేసి తర్వాత పొర వేస్తే, ఆ వేడికీ ఒత్తిడికీ అంకెలన్నీ మారిపోతాయి.

7. వేడి, చల్లదనం అలవాటు చేయడం

కొత్త సెన్సర్‌ని నేరుగా క్యాలిబ్రేట్ చేయకూడదు. పనిచేసే పరిధి 0 నుంచి 60 డిగ్రీలైతే, 0కీ 70కీ మధ్య పదిసార్లు తిప్పండి. ప్రతి చివరా పది నిమిషాలైనా నిలపండి. ప్రతిసారీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర, ఉదాహరణకు 25 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్ రాసుకోండి. మొదటి రెండు మూడు చక్రాల్లో అంకె కొంత జరుగుతుంది. పదో చక్రానికి ఆ జరుగుడు 0.02 శాతం లోపు, అంటే 0.1 డిగ్రీ లోపు వస్తే సెన్సర్ స్థిరపడినట్టు. ఇంకా జరుగుతూనే ఉంటే మళ్లీ క్యూరింగ్ దగ్గరికి వెళ్లాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ప్రింట్ చేసిన సెన్సర్ల మీద నమ్మకం పోయేదీ ఎక్కువగా దీన్ని వదిలేయడం వల్లే.

8. కొలిచే సర్క్యూట్

100 ఓమ్‌ల సెన్సర్ డిగ్రీకి 0.22 ఓమ్ మారుతుంది. దానికి కలిపిన సన్నని తీగలే అర ఓమ్ ఉంటే, రెండు డిగ్రీలకు పైగా తప్పు అక్కడే వచ్చేసింది. నాలుగు ప్యాడ్లు పెట్టింది ఇందుకే. రెండు తీగల్లో కరెంట్ పంపి, మిగతా రెండు తీగల్లో వోల్టేజ్ చదివితే తీగల రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు.

ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులో ఉండే 10 బిట్ల ఏడీసీకి (వోల్టేజ్‌ని అంకెలుగా మార్చే భాగానికి), సమానమైన రెసిస్టర్‌తో వోల్టేజ్ డివైడర్ కట్టి నేరుగా ఇస్తే పని జరగదు. డిగ్రీకి సరఫరా వోల్టేజ్‌లో 0.055 శాతమే మారుతుంది, ఏడీసీ ఒక మెట్టు దాదాపు 0.1 శాతం. అంటే ఒక్కో మెట్టూ దాదాపు 1.8 డిగ్రీలు. ఏడీఎస్1115 లాంటి 16 బిట్ల ఏడీసీ తీసుకుని, అత్యంత సున్నితమైన 0.256 వోల్టుల పరిధిలో పెడితే మెట్టు 7.8 మైక్రోవోల్టులు. 1 మిల్లీ ఆంపియర్ కరెంట్‌తో డిగ్రీకి 220 మైక్రోవోల్టులు వస్తాయి కాబట్టి డిగ్రీలో పాతికో ముప్పయ్యో వంతు దాకా కనిపిస్తుంది.

సర్క్యూట్ ఇలా కట్టండి. 3.3 వోల్టుల సరఫరా నుంచి 3 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని కింద 100 ఓమ్‌ల రిఫరెన్స్ (పోల్చడానికి వాడే, విలువ కచ్చితంగా తెలిసిన) రెసిస్టర్, దాని కింద సెన్సర్, ఆ తర్వాత గ్రౌండ్. అన్నీ వరుసలో ఉంటాయి కాబట్టి అన్నింటిలో పారేది ఒకే కరెంట్. ఏడీసీ ఒక జత ఇన్‌పుట్లతో రిఫరెన్స్ మీది వోల్టేజ్, ఇంకో జతతో సెన్సర్ మీది వోల్టేజ్ చదవండి. సెన్సర్ వోల్టేజ్‌ని రిఫరెన్స్ వోల్టేజ్‌తో భాగించి 100తో గుణిస్తే రెసిస్టెన్స్ వచ్చేస్తుంది. సరఫరా వోల్టేజ్ కొంచెం అటూఇటూ అయినా నిష్పత్తి మారదు. ఖర్చు పెట్టాల్సింది ఆ రిఫరెన్స్ రెసిస్టర్ మీదే: 0.1 శాతం ఖచ్చితత్వం, డిగ్రీకి పది లక్షలకు 25 వంతులకు మించి మారని రకం తీసుకోండి.

వెండి, రాగి కలిసిన చోట రెండు చివరల వేడి వేర్వేరుగా ఉంటే కొన్ని మైక్రోవోల్టులు వాటంతటవే పుడతాయి. కరెంట్ ఆపి ఒకసారి చదివి, ఆ మిగులును తీసేస్తే సరిపోతుంది.

9. క్యాలిబ్రేషన్

దీనికి తొందర పనికిరాదు, ఒక పూర్తి రోజు కేటాయించుకోండి. పోల్చడానికి నమ్మకమైన థర్మామీటర్ కావాలి. ఏ-క్లాస్ ప్లాటినం 100 ప్రోబ్‌కు (0 దగ్గర 100 ఓమ్‌లుండే ప్లాటినం థర్మామీటర్‌కు) అనుమతించే తేడా 0 దగ్గర 0.15 డిగ్రీ, 50 దగ్గర 0.25 డిగ్రీ. ఇంటి వాడకానికి అది చాలు.

మొదటి బిందువు ఐసు. స్వేదన జలంతో చేసిన ఐసును సన్నగా పగలగొట్టి ఫ్లాస్క్ నిండా కూరండి. ముక్కల మధ్య సందులు నిండేంత చల్లని స్వేదన జలం పోయండి, అంతకుమించి వద్దు. నీళ్లు ఎక్కువై ఐసు పైకి తేలితే అడుగున నీళ్లు మిగులుతాయి. నీళ్ల సాంద్రత 4 డిగ్రీల దగ్గర గరిష్ఠం కాబట్టి ఆ వేడి నీరంతా అడుగునే తిష్ఠ వేస్తుంది. సెన్సర్ అక్కడ ఉంటే 0 అనుకుని 3, 4 డిగ్రీలు కొలుస్తున్నట్టే. ఐసు అడుగు దాకా దట్టంగా ఉండాలి, కరిగిన నీళ్లు ఎప్పటికప్పుడు తీసేసి ఐసు కలపాలి. సెన్సర్, ప్రోబ్ పక్కపక్కనే, ఒకే లోతులో దించండి. ఇరవై నిమిషాలు ఆగండి.

సెన్సర్ ల్యామినేట్ అయి ఉన్నా, నీళ్లలో ముంచే ముందు పలుచని పాలిథిన్ సంచిలో పెట్టి గాలి పిండేయండి. లోపల గాలి ఉంటే స్పందన నెమ్మదిస్తుంది. ముంచాక సెన్సర్ తీగకీ నీళ్లలో పెట్టిన ఇంకో తీగకీ మధ్య రెసిస్టెన్స్ చూడండి. పది మెగా ఓమ్‌ల కంటే తక్కువుంటే ఎక్కడో నీళ్లు దూరుతున్నాయి.

తర్వాత పెద్ద పాత్రలో నీళ్లు కలుపుతూ 15, 30, 45, 60 డిగ్రీల దగ్గర చదవండి. ప్రతి బిందువు దగ్గర ప్రోబ్ అంకె ఐదు నిమిషాల్లో 0.1 డిగ్రీకి మించి కదలకుండా ఉన్నప్పుడే రాసుకోండి. కదులుతూ ఉన్న నీళ్లలో చదివితే వేగంగా స్పందించే సెన్సర్ ముందుంటుంది, ప్రోబ్ వెనకబడుతుంది, ఆ తేడా సెన్సర్ లోపంలా కనిపిస్తుంది. 60 దాకా వెళ్లాక అవే బిందువుల్లో దిగుతూ కూడా చదవండి. పాలీఇమైడ్ సెన్సర్‌కు మరిగే నీళ్లు కూడా వాడుకోవచ్చు, కానీ సముద్రమట్టం నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ చొప్పున మరిగే బిందువు తగ్గుతుంది. అక్కడ 100 అని రాసేయకుండా ప్రోబ్ చెప్పిందే రాయండి.

ఇప్పుడు లెక్క. 0 దగ్గర 98.60 ఓమ్‌లు, 60 దగ్గర 111.62 ఓమ్‌లు వచ్చాయనుకుందాం. తేడా 13.02. దాన్ని 98.60తోనూ, 60తోనూ భాగిస్తే 0.0022, అంటే డిగ్రీకి 0.22 శాతం. ఈ గుణకంతో 30 డిగ్రీల దగ్గర 105.11 రావాలి. మీరు కొలిచింది 105.13 అయితే తేడా 0.1 డిగ్రీ కంటే తక్కువ, సరళరేఖ చాలు. ప్రతి బిందువు దగ్గరా ఇలా మిగిలిన తేడాలను గ్రాఫ్ గీయండి. అవి పైకీ కిందికీ చెల్లాచెదురుగా ఉంటే కొలతలోని అలజడి. విల్లులా ఒక వంపు కనిపిస్తే వర్గ పదం కూడా కలపాలి. ఎక్కేటప్పటి బిందువులు ఒక దారి, దిగేటప్పటివి ఇంకో దారి అయితే అది హిస్టెరిసిస్. షీట్‌కీ వెండికీ మధ్య సాగుదల తేడా, పై పొరలోని జిగురు దానికి ముఖ్య కారణాలు. ఆ దారుల మధ్య ఎక్కువలో ఎక్కువ ఎంత ఎడముందో డిగ్రీల్లో రాసుకోండి. ఏ సూత్రం పెట్టినా అది పోదు.

10. వేడి కాని వాటికి పరీక్ష

స్వయం తాపం: సెన్సర్‌ని గాలి కదలని డబ్బాలో పెట్టి 1 మిల్లీ ఆంపియర్‌తో చదవండి, తర్వాత 2తో. కరెంట్ రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలు. రెండు కొలతల తేడాలో మూడో వంతు 1 మిల్లీ ఆంపియర్ దగ్గర మీ తప్పు. 100 ఓమ్‌లలో 1 మిల్లీ ఆంపియర్ పుట్టించేది 0.1 మిల్లీవాట్ మాత్రమే కాబట్టి సాధారణంగా ఇది లెక్కలోకి రాదు. సెన్సర్ చిన్నదైతే మాత్రం తప్పక చూడాలి.

వంపు: గది వేడికి వచ్చిన వేర్వేరు వ్యాసాల గొట్టాలు తీసుకుని, సెన్సర్‌ని వాటికి చుట్టి, చేతి వేడి చల్లారేదాకా ఆగి చదవండి. చేత్తో పట్టుకుని వంచుతూ చదివితే మీ వేళ్ల వేడినే కొలుస్తారు. తర్వాత వందసార్లు వంచి తీసి, చదునుగా ఉంచి మళ్లీ చదవండి. చదునుగా ఉన్నప్పటి అంకె శాశ్వతంగా పెరిగిపోతే వెండిలో పగుళ్లు మొదలయ్యాయి.

తేమ: దీనికి ఖరీదైన చాంబర్ అక్కర్లేదు. మూత బిగిసే గాజు సీసాలో మామూలు ఉప్పు సంతృప్త ద్రావణం పోస్తే, 25 డిగ్రీల దగ్గర లోపలి గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33 శాతం. ద్రావణం అడుగున కరగని ఉప్పు కనిపిస్తూ ఉండాలి. సెన్సర్ ద్రావణానికి తగలకుండా వేలాడదీసి, ఒక్కో సీసాలో ఒక రోజంతా ఉంచి, రెండింటి అంకెలూ పోల్చండి. పక్కనే ప్రోబ్ పెట్టడం మరవొద్దు, గది వేడి మారినా తేమ ప్రభావమనుకునే ప్రమాదం ఉంది. సీల్ చేసిన వెండి సెన్సర్‌లో ఈ తేడా 0.2 డిగ్రీ దాటితే సీల్ సరిగా లేదని తీసుకోండి.

స్పందన వేగం: గది వేడిలో ఉన్న సెన్సర్‌ని కలుపుతున్న 50 డిగ్రీల నీళ్లలోకి ఒక్కసారిగా దించి, సెకనుకు పదిసార్లయినా చదవండి. మొత్తం మార్పులో 63 శాతం చేరడానికి పట్టిన సమయమే మీ సెన్సర్ కాలస్థిరాంకం. గాలిలో అదే సెన్సర్ ఎన్నో రెట్లు నెమ్మదిగా ఉంటుంది కాబట్టి, ఎక్కడ వాడతారో అక్కడే కొలిచి రాయండి.

11. ఎంత నమ్మవచ్చో లెక్క, ఆ తర్వాతి తనిఖీ

ఒక్కో కారణం వల్ల వచ్చే అనిశ్చితిని విడివిడిగా రాసుకోండి. ప్రోబ్ వల్ల 0.15, హిస్టెరిసిస్ వల్ల 0.2, నీళ్ల పాత్రలో అటూఇటూ తేడా వల్ల 0.1, తేమ వల్ల 0.1 డిగ్రీ అనుకుందాం. వాటి వర్గాలు కలిపితే 0.0825, వర్గమూలం దాదాపు 0.29. దాన్ని రెట్టింపు చేస్తే 0.6 డిగ్రీ. ఈ సెన్సర్ చెప్పే ఉష్ణోగ్రతను దాదాపు 95 శాతం భరోసాతో 0.6 డిగ్రీ అటూఇటూగా నమ్మవచ్చని అర్థం. తెర మీద మూడు దశాంశాలు కనిపించినా ఈ హద్దు మారదు. ఇందులో ఏది పెద్దదో దాన్నే ముందు తగ్గించండి. పైన చెప్పిన ఉదాహరణలో ఎంత ఖరీదైన ఏడీసీ కొన్నా లాభం లేదు, హిస్టెరిసిస్‌ని తగ్గిస్తేనే ఫలితం ఉంటుంది.

ప్రతి సెన్సర్ మీద ఒక నంబర్ రాసి, ఆ నంబర్ కింద ఇంక్ బ్యాచ్, క్యూరింగ్ వేడి, సమయం, 0 దగ్గర రెసిస్టెన్స్, గుణకం, హిస్టెరిసిస్, క్యాలిబ్రేషన్ తేదీ రాసి పెట్టండి. ఒకే షీట్ మీద ప్రింట్ అయిన సెన్సర్లలో కూడా 0 దగ్గరి రెసిస్టెన్స్ కొన్ని శాతాలు అటూఇటూ ఉంటుంది. గుణకం మాత్రం చాలా దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అది గీత వెడల్పు మీద కాకుండా వెండి ఎలా క్యూర్ అయిందన్న దాని మీద ఆధారపడుతుంది. అందువల్ల షీట్‌కు రెండు మూడింటికి పూర్తి క్యాలిబ్రేషన్ చేసి, గుణకాలు కలిశాయని రూఢి చేసుకున్నాక, మిగతావాటికి ఐసు బిందువు ఒక్కటే కొలిస్తే సరిపోతుంది.

వాడకంలో పెట్టాక నెలకోసారి ఐసులో పెట్టి చూడండి. 0 దగ్గరి అంకె జరిగితే 60 దగ్గర కూడా కొలవండి. జరిగింది కొంచెమే అయి, 0కీ 60కీ మధ్య నిష్పత్తి మారకుండా ఉంటే కొత్త అంకె రాసుకుని కొనసాగించవచ్చు. నిష్పత్తి కూడా మారితే వెండి నల్లబడిందో, పగిలిందో, సీల్ పోయిందో. ఆ సెన్సర్‌ని పక్కన పెట్టి, దాని షీట్‌లోని మిగతావాటిని కూడా అదే రోజు ఐసులో పెట్టి చూడండి.